పండగలోపు రేకులు దించే ముందు

నాయనా శ్రీనూ,

సంక్రాంతిలోపు పాత ఇంటి రేకులు తీయించి కొత్త కప్పు వేయిస్తానని మీ పెద్దమ్మతో అన్నావట. చాలా సంతోషం. తాత కట్టిన ఇల్లు పాడుపడకుండా చూసుకోవాలని నీకు అనిపించిందే, అది చాలు నాకు. ఖర్చు సంగతి నీకు తెలుసు, అందులో నేను వేలు పెట్టను. ఆ రేకుల విషయంలో మాత్రం నా మాట కాస్త ఓపిగ్గా విను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ క్వార్టర్లకూ గోదాములకూ ఇలాంటి రేకులు ఎక్కించడం, దించడం దగ్గరుండి చూసినవాణ్ణి.

నడిమింటి మీదా గొడ్లపాక మీదా ఉన్నవాటిని మనం సిమెంటు రేకులంటాం. అందులో సిమెంటుతో పాటు ఆస్బెస్టాస్, అంటే రాతినార, ఉంటుంది. నూటికి పది పాళ్ళో అంతకు కాస్త తక్కువో. ఆరు మిల్లీమీటర్ల రేకు అన్నేళ్ళు ఎండకూ వానకూ తట్టుకున్నది ఆ నార పట్టు వల్లే. మన కడప జిల్లాకు అది కొత్త సరుకు కాదు. పులివెందుల పక్కన బ్రాహ్మణపల్లి కొండల్లో ఒకప్పుడు తెల్లరకం రాతినార తవ్వారు. ఇప్పుడు రష్యా, కజకిస్తాన్, బ్రెజిల్ లాంటి చోట్ల నుంచి ఓడల్లో వస్తోంది. బ్రిటన్ 1999లో, ఆస్ట్రేలియా 2003 చివరికి, యూరోపియన్ యూనియన్ దేశాలన్నీ 2005కల్లా దాన్ని ఆపేశాయి. మన దగ్గర ఇంకా అంగట్లో దొరుకుతూనే ఉంది. అంగట్లో దొరుకుతోంది కాబట్టి ప్రమాదం లేదని మాత్రం అనుకోకు.

ఆ నారకు ఒక గుణం ఉంది. నలిగేకొద్దీ నిలువునా చీలి, కంటికి ఆననంత సన్నని పోగులవుతుంది. ఆ పోగులు గాల్లో గంటలకొద్దీ తేలతాయి. ఊపిరితో లోపలికి పోయి, ఊపిరితిత్తుల అడుగున గుచ్చుకుని ఉండిపోతాయి. వాటి వల్ల వచ్చే జబ్బులు ఇరవై, ముప్పై, నలభై ఏళ్ళకు గానీ బయటపడవు. అప్పుడు ఆయాసం, ఊపిరితిత్తులు గట్టిపడిపోవడం, క్యాన్సరు, ఊపిరితిత్తుల పైపొరకు వచ్చే మెసోథీలియోమా అనే ఇంకో మొండి క్యాన్సరు. తెల్లదైనా, నీలిదైనా, గోధుమరంగుదైనా అన్ని రకాలూ క్యాన్సరు తెచ్చేవేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ తేల్చి చెప్పింది. బీడీ తాగేవాడికి ఈ దుమ్ము కూడా తోడైతే ఊపిరితిత్తుల క్యాన్సరు ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది.

ఇదంతా చదివి ఈ రాత్రి ఆ రేకుల కింద పడుకోవడానికి భయపడకు. పగలకుండా ఉన్న రేకులో నార సిమెంటులో బిగిసిపోయి ఉంటుంది. కోసినప్పుడు, బెజ్జం వేసినప్పుడు, గీకినప్పుడు, సుత్తితో కొట్టినప్పుడే అది విడివడి గాల్లోకి లేస్తుంది. మన ఊళ్ళలో ఆ పనులన్నీ ఈ చలికాలంలోనే పెట్టుకుంటాం. వానలు తగ్గుతాయి, పంట ఇంటికొస్తుంది, పండగ ముంచుకొస్తుంది. అందుకే పని మొదలుపెట్టకముందే రాస్తున్నా.

మొట్టమొదట చూడాల్సింది అసలు దించాలా వద్దా అని. తెల్లవారుజామున రేకు అడుగు నుంచి చుక్కలు రాలుతున్నాయని, రేకు కారుతోందని అన్నావు. వాన లేని రోజు కూడా రాలుతున్నాయా? అయితే అది కారడం కాదు. చలికి రేకు చల్లబడితే ఇంట్లోని ఊపిరి ఆవిరి, వంట ఆవిరి దాని అడుగున నీరుగా మారతాయి. చలి దూరకుండా గోడకూ రేకుకూ మధ్య సందుల్లో గోనెసంచులు కుక్కి ఉంటారు, అది ఇంకా ఎక్కువ చేస్తుంది. రెండు వైపులా కాస్త గాలి ఆడనిస్తే సగం తగ్గుతుంది. గొడ్లపాక రేకులు బాగున్నాయంటే వాటి జోలికి పోకు. రంగు వేయించు, చాలు. వేసవికి ముందు తెల్లరంగు వేస్తే గొడ్లకు చల్లగానూ ఉంటుంది, పైపొర రాలకుండానూ ఉంటుంది. ఇంట్లో అడుగున సీలింగు కొట్టించాలనుకుంటే దాని ఫ్రేమును గోడలకు బిగించమను. రేకుకు డ్రిల్లు తగలకూడదు.

రంగుకు ముందు పాచి తీయాలి కదా. ఇనప బ్రష్షు తెచ్చి బరబరా గీకేస్తారు, ఎండిన పాచితో పాటు రేకు పైపొరా పొడిగా లేస్తుంది. ఆ పని మానిపించు. పలచటి బ్లీచింగు నీళ్ళు చల్లి రెండు మూడు రోజులు వదిలేస్తే పాచి చచ్చిపోతుంది. తర్వాత నిచ్చెన మీద నిలబడి, తడిపి, పొడుగు కర్రకు కట్టిన మెత్తటి బ్రష్షుతో తోయాలి. నీళ్ళు గట్టిగా చిమ్మే మిషను వద్దు. చూరు కాలువలో పేరుకున్న మడ్డిలో కూడా నార ఉంటుంది. ఎండిపోయాక ఊడవకు. తడిగా ఉండగానే ఎత్తి సంచిలో వెయ్యి.

ఇక నడిమింటి రేకులు పగుళ్ళిచ్చాయన్నావు, అవి దించక తప్పదు. ఇక్కడ నిజమైన చిక్కు ఒకటి ఉంది. దుమ్ము లేవకూడదంటే రేకు తడిగా ఉండాలి. తడి రేకు మీద, అందులోనూ మంచు పడ్డ పాచి రేకు మీద, కాలు నిలవదు. పైగా పాతబడ్డ రేకు మనిషి బరువుకు పెళుక్కున విరుగుతుంది. దుమ్ము వల్ల ముప్పై ఏళ్ళకు వచ్చే ముప్పు ఒకెత్తు, అక్కడి నుంచి పడితే ఆ పూటే పోయే ప్రాణం ఒకెత్తు. అందుకని రేకు మీదికి ఎవరినీ ఎక్కనివ్వకు. లోపల సారువ కట్టించి అడుగు నుంచే పని చేయించు. మంచు ఆరాక తొమ్మిదింటికి మొదలుపెట్టండి. ఎక్కడ చెయ్యి వేస్తున్నారో అక్కడ మాత్రమే స్ప్రేయరుతో తడపండి. పొలంలో మందు కొట్టేది వద్దు, కొత్తది తెచ్చుకో. నీళ్ళలో గిన్నెలు తోమే లిక్విడు కొంచెం కలిపితే తడి లోపలికి బాగా పడుతుంది. గాలి రేగితే ఆ పూటకు ఆపేయాలి.

జె-బోల్టులు తుప్పు పట్టి ఉంటాయి. ముందురోజే ఒక్కో నట్టుకూ నూనె వేసి పెట్టు. పానాకు రాకపోతే అడుగున బోల్టు కొక్కేన్ని హ్యాక్‌సా బ్లేడుతో కోయాలి. కటింగ్ మిషను ఆ ఇంటి ఛాయలకు రాకూడదు. రేకును అటొకరు ఇటొకరు పట్టుకుని విరగకుండా దించాలి. పైనుంచి విసరకూడదు. నేల మీద ముందే మందపాటి పాలిథిన్ పట్టా పరిపించు. ఇంట్లోని ధాన్యం, మంచాలు, నీళ్ళ బిందెలు అంతకుముందే బయటికి చేర్చు. పిల్లల్ని, ముసలివాళ్ళని ఆ నాలుగు రోజులూ మీ అత్తగారింటికి పంపించు. పక్కింటివాళ్ళకు కూడా ఒక మాట చెప్పి కిటికీలు మూసుకోమను.

ఇందులో ముఖ్యమైనది మేస్త్రీతో నువ్వు కుదుర్చుకునే లెక్క. గుత్తకు ఇచ్చావంటే వాళ్ళు ఒక్కపూటలో సుత్తితో పగలగొట్టి పోతారు. తప్పు వాళ్ళది కాదు, గుత్త పనిలో తొందరగా ముగిస్తేనే వాళ్ళకు గిట్టుబాటు. రోజుకూలికి మాట్లాడు. రేకు పగలకుండా దించితే రేకుకు ఇంతని పైన ఇస్తానని చెప్పు. 1995 జనవరిలో సుప్రీంకోర్టు, రాతినార గనుల్లోనూ ఫ్యాక్టరీల్లోనూ పనిచేసేవాళ్ళ ఆరోగ్య రికార్డులు నలభై ఏళ్ళపాటు దాచాలని, జబ్బుపడ్డవాళ్ళకు లక్ష రూపాయలు ఇవ్వాలని చెప్పింది. జబ్బు బయటపడడానికే అన్నేళ్ళు పడుతుంది మరి. మన మేస్త్రీకి ఎవరు రికార్డు పెడతారు? అతను నీ ఇంట్లో పీల్చిన దుమ్ము అతని పేరున ఏ కాగితంలోనూ ఉండదు. అతని భార్య ఆ బట్టలు దులిపి ఉతికితే ఆమె కూడా పీలుస్తుంది. ఇలా బట్టల మీది దుమ్ము వల్ల జబ్బు పడ్డ ఇల్లాళ్ళున్నారని వైద్యులు ఎప్పుడో రాసిపెట్టారు. కాబట్టి పనివాళ్ళకు మాస్కులు, పాత చొక్కాలు నువ్వే కొనివ్వు. పనయ్యాక ఆ చొక్కాలు మన దగ్గరే సంచిలో కట్టేసి, వాళ్ళు స్నానం చేసి వెళ్ళేటట్టు చూడు.

మాస్కంటే మూతికి కట్టుకునే తువ్వాలు కాదు, కరోనాలో వాడినదీ కాదు. ఎఫ్‌ఎఫ్‌పి3 అనో పి100 అనో రాసి ఉన్నది అడుగు. అది ముఖానికి సందు లేకుండా అంటుకోవాలి. గడ్డం ఉంటే అంటుకోదు. ఈ నెలల్లో మన కుర్రాళ్ళు సగం మంది అయ్యప్ప మాలలో ఉంటారు. స్వాములను గడ్డం తీయమనలేం, తీయమనకూడదు కూడా. మాలలో ఉన్నవాళ్ళకు బయట మోతపనో ఇటుకపనో అప్పజెప్పు. వాళ్ళే కావాలంటే శబరిమల వెళ్ళొచ్చేదాకా ఆగు. పండగ దాటిపోయినా నష్టం లేదు.

విరిగిన ముక్కల సంగతి కూడా చెప్పాలి. మన వీధిలో వాటిని పారేయరు. గుంటల్లో పోసి తొక్కుతారు, కోళ్ళగూటికి అడ్డం పెడతారు, చలిమంట చుట్టూ గాలికి అడ్డంగా నిలబెడతారు. వేడికి సిమెంటు రేకు టపటపా పేలుతుంది, పెచ్చులు ఎగిరి మొహాన పడతాయి, నారా గాల్లో కలుస్తుంది. భోగి తెల్లవారుజామున ఇంట్లోని పాత సామానంతా మంటలో వేసే హడావిడిలో పిల్లలు ఈ ముక్కలు కూడా తెచ్చి పడేస్తారు, జాగ్రత్త. ముందే అన్నీ ఏరి, తడిపి, మందపాటి పాలిథిన్‌లో రెండు చుట్లు చుట్టి, టేపు వేసి, పైన ‘ఆస్బెస్టాస్, విప్పవద్దు’ అని తెలుగులో పెద్దగా రాయి. కింద పడ్డ పొడిని చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కూడా అందులోనే వెయ్యి. ఇంట్లో వాడే వాక్యూమ్ క్లీనరు అసలు వద్దు, పోగులు దాని వెనక నుంచి మళ్ళీ బయటికొస్తాయి.

వీటిని ఎక్కడికి పంపాలో కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయంలో అడుగు. ఇలాంటి ప్రమాదకర చెత్తను పూడ్చే కేంద్రాలు హైదరాబాదు దగ్గర దుండిగల్‌లో, విశాఖ దగ్గర పరవాడలో ఉన్నాయి. మనకు దూరమే. దారి దొరికేదాకా నిండు రేకులను చుట్టిపెట్టి, ఎవరూ తిరగని మూల ఒకదాని మీద ఒకటి పేర్చి కప్పు. పాకకు పనికొస్తాయి ఇవ్వమని ఎవరో ఒకరు తప్పకుండా వస్తారు. మొహమాటపడి ఇవ్వకు. తీసుకున్నవాళ్ళు వాటిని కోసుకుంటారు, ఆ దుమ్ము వాళ్ళ పిల్లలు పీలుస్తారు.

కొత్త కప్పుకు మళ్ళీ సిమెంటు రేకులే కొంటే, ముందు ఐ.ఎస్. 459 అన్న ముద్ర ఉందేమో చూడు. ఉంటే అది రాతినార రేకే, తిప్పి పంపించు. ఆస్బెస్టాస్ లేనివీ దొరుకుతున్నాయి, ఇనప రేకులూ ఉన్నాయి.

మేస్త్రీతో మాట్లాడేటప్పుడు నాకు ఫోన్ కలిపి స్పీకరులో పెట్టు. రోజుకూలి లెక్క నేను కూడా అతనితో మాట్లాడతాను.

మీ పెదనాన్న