గండం గడవడం

గండం అంటే ప్రాణానికో, బతుకుతెరువుకో ముప్పు ముసురుకునే కాలం. ముప్పు ఎప్పుడైనా రావచ్చు. గండానికి మాత్రం మొదలూ తుదీ ఉంటాయి.

సంస్కృతంలో గండ శబ్దానికి చెక్కిలి, కురుపు, కణుపు అనే అర్థాలున్నాయి. జ్యోతిషంలోని గండాంతానికి కణుపు అన్న భావం చక్కగా పొసగుతుంది. 360 డిగ్రీల రాశిచక్రాన్ని 12 రాశులుగానూ, 27 నక్షత్రాలుగానూ విభజిస్తారు. ఈ రెండు లెక్కల హద్దులు కలిసేది మూడే చోట్ల: ఆశ్లేష-మఖ, జ్యేష్ఠ-మూల, రేవతి-అశ్విని సంధుల్లో. గండాంతాలనే ఈ మూడూ జలరాశి ముగిసి అగ్నిరాశి మొదలయ్యే తావులే. అక్కడ పుట్టిన బిడ్డకు శాంతి చేయించడం ఆచారం. పంచాంగంలోని 27 యోగాల్లోనూ ఆరోది అతిగండ, పదోది గండ.

వాడుకలో ఈ మాట జాతకం దాటి చాలా దూరం వచ్చింది. జలగండం, ప్రాణగండం సరే, పత్రికల్లో పదవీగండం కూడా కనిపిస్తుంది. వాయుగుండం మాత్రం ఈ కోవలోది కాదు, అది గుండం. కాన్పు క్షేమంగా జరిగితే గండం గడిచి పిండం బయటపడిందంటారు. దినదినగండం నూరేళ్ళాయుష్షు అన్న సామెతలో భయమూ దీవెనా ఒకే ఊపిరిలో ఉన్నాయి. ఈ మాట పక్కన చేరే క్రియలను గమనించాలి: గడవడం, తప్పడం, గట్టెక్కడం. తెలుగువాడు గండాన్ని తలిచాడంటే అవతలి గట్టు మీద అప్పుడే ఒక చూపు వేసినట్టే.

రాసిపెట్టింది జరిగి తీరుతుందంటే శాంతులెందుకన్న ప్రశ్న ఇక్కడే పుడుతుంది. పదహారేళ్ళ ఆయుష్షుతో పుట్టినా మృత్యువును దాటిన మార్కండేయుడి కథ దీనికి పురాణం చెప్పే జవాబు. దైవమూ పురుషకారమూ కలిస్తేనే కార్యం సిద్ధిస్తుందన్నది యాజ్ఞవల్క్య స్మృతి చూపు. ఆ లెక్కన గండం తీర్పు కాదు, హెచ్చరిక. దాన్ని తీర్పుగా చెప్పి భయపెట్టడం ఆ మాటకే అన్యాయం.

గండానికి సాటిగా వాడే ప్రమాదం అసలు అర్థం వేరు. అది ఏమరుపాటు. చదువు ముగిసిన శిష్యుణ్ణి సత్యంలో, ధర్మంలో ఏమరవద్దని తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లిలో గురువు హెచ్చరించేది ఈ అర్థంలోనే. గండం కాలానిది, ప్రమాదం మనిషిది. జలగండం ఉందన్నారని చెరువు ఛాయలకే పోనివ్వకుండా పెంచిన పిల్లవాడికి ఈత రాదు. అతను నీళ్ళలో పడిన రోజు ముంచేది ఆ రాని ఈతే.