గోడమీది పలక – గుంపులోని నడత

నుడి యొకటి, నడత యొకటి యగుట మానవునకు క్రొత్త లోపము గాదు. కాని యీ లోపము వ్యక్తిదా, లేక అతడు కూర్చున్న గుంపుదా అను ప్రశ్న నేడు విశేషముగా విచారింపదగినది. ఏలయన మన బిడ్డలలో పెక్కురు సేద్యమును, సొంత అంగడిని విడిచి, వేలకొలది జనులు కలసి పనిచేయు సంస్థలలో చేరుచున్నారు. అట్టి ప్రతి సంస్థకును ఒక ఆదర్శముల పట్టిక యుండును. సత్యము, నిజాయితీ, పరస్పర గౌరవము అను మాటలు ప్రవేశద్వారము కడనే అందమైన అక్షరములలో కనిపించును. అవి నడతలోనికి దిగునా, గోడమీదనే నిలిచిపోవునా?

అమెరికాలో వెల్స్ ఫార్గో అను పెద్ద బ్యాంకు కలదు. ఖాతాదారుని మేలే ప్రధానమని బోధించు చిన్న పుస్తకమును ఆ సంస్థ అచ్చొత్తించి ఉద్యోగులకిచ్చెను. దొంగఖాతాలు తెరువరాదని శిక్షణ తరగతులలో హెచ్చరించెను కూడ. అదే సంస్థ, ఒక్కొక్క కుటుంబమునకు ఖాతాలు, కార్డులు, అప్పులు కలిపి ఎనిమిది అంటగట్టవలెనని లక్ష్యము విధించి, దిన దినము లెక్క అడిగెను. ఫలితము లోకమెరిగినదే. ఖాతాదారు లడుగని, ఎరుగని ఖాతాలు వారి పేర తెరువబడెను. 2016 సెప్టెంబరులో ప్రభుత్వ సంస్థలు 18 కోట్ల 50 లక్షల డాలర్ల జరిమానా విధించినవి. అప్పటికి కొన్నేండ్లలో సుమారు 5,300 మంది ఉద్యోగులు తొలగింపబడిరి. అట్టి ఖాతాలు 20 లక్షల వరకు ఉండవచ్చునని మొదట అంచనా వేయగా, 2017లో ఆ అంచనా 35 లక్షలకు పెరిగెను.

ఐదువేల మంది దొంగలు ఒక్క సంస్థను వెదకికొని వచ్చి చేరిరా? అట్లు తలచుట అవివేకము. వారిలో అధికులు మన ఇండ్లలోని బిడ్డల వంటివారే.

సాలమన్ ఆష్ అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు 1951లో ప్రకటించిన పరీక్ష ఇచ్చట స్మరింపదగినది. ఒక గీతను చూపి, ప్రక్కనున్న మూడు గీతలలో దానితో సరిసమానమైనది ఏదియో చెప్పుమనిరి. ఒంటరిగా అడిగినపుడు తప్పు చెప్పినవారు లేరనవచ్చును. కాని గదిలోని తక్కినవారందరును, ముందే నేర్పబడినవారై, ఒకే తప్పును వరుసగా చెప్పగా, కడపటివాడు తడబడెను. అట్టి సందర్భములలో ఇంచుమించు మూడింట ఒక వంతు సమాధానములు గుంపు వైపునకే ఒరిగెను. నలుగురిలో ముగ్గురు ఒక్కసారియైనను లొంగిరి. పిదప అడుగగా కొందరు తమ కంటిచూపునే శంకించితిమనిరి. మరికొందరు తప్పని తెలిసియు వేరుపడుటకు వెరచితిమనిరి. గమనింపుడు: ఆ గదిలో జీతము పోవు భయము లేదు, పై అధికారి లేడు. ఉన్నది కొద్ది నిమిషముల పరిచయము మాత్రమే. ఇక ఇల్లు గడువవలసిన ఉద్యోగి, నెలల తరబడి అదే బల్లల నడుమ కూర్చుండువాడు, ఎంత వంగునో ఊహింపవచ్చును.

ఈ వంగుట బెదిరింపుచేతనే కలుగునని తలపరాదు. ఉపాధ్యాయుల గదులలో ఇది నిత్యము కానవచ్చును. క్రొత్తగా చేరినవాడు గంట మ్రోగగానే తరగతికి లేచును. "బడిని మీరొక్కరే ఉద్ధరిస్తారా, మాస్టారూ!" అని ఒకరు నవ్వుదురు. ఆ నవ్వులో ద్వేషము లేదు, స్నేహమే కలదు. అందుచేతనే దానికి పదునెక్కువ. నెల తిరుగకమునుపే ఆయనయు టీ పూర్తియైన పిదపనే లేచును. 1962లో మన పైడిమర్రి వేంకట సుబ్బారావుగారు తెలుగున రచించిన ప్రతిజ్ఞను బాలురు బడిలో పఠింతురు. పఠనమున దోషము లేదు. కాని బాలుడు నేర్చుకొనునది, ప్రతిజ్ఞ ముగిసిన పిమ్మట వరుసలో త్రోపులాట జరిగినపుడు పెద్దలేమి చేయుదురో చూచియే గదా!

మన హైదరాబాదులో సత్యం పేరనే వెలసిన సంస్థ కథ దీనికి భిన్నము. 2009 జనవరి 7న దాని అధిపతి లెక్కల మోసమును లేఖలో ఒప్పుకొనెను. అది కొద్దిమంది దాచిన మోసము, వేలాది ఉద్యోగు లెరుగనిది. వెల్స్ ఫార్గోలోనిది వేలమంది చేతులు పెట్టిన మోసము. నాకు రెండవదియే అధిక భయంకరముగా తోచును.

గుంపే కారణమైనచో వ్యక్తికి దోషము లేదా? ఉన్నది. ఆష్ పరీక్షలో నలుగురిలో ఒకడు ఒక్కసారియు లొంగలేదు. కనుక లొంగుట విధిలిఖితము గాదు. కాని దోషము అందరికిని సమానము గాదు. లక్ష్యము విధించి, దానినే మెచ్చి, దానినే బట్టి జీతమిచ్చినవాని పాలు పెద్దది. బల్లల కడనున్న వారు ముందుగా ఉద్యోగములు కోల్పోయిరి. ఆ బ్యాంకు అధిపతి 2016 అక్టోబరులో తప్పుకొనగా, 1 కోటి 75 లక్షల డాలర్ల జరిమానా 2020లో గాని పడలేదు. ఈ వరుస తలక్రిందులైనదని నా అభిప్రాయము.

ఇంకొక చిక్కు కలదు. నలుగురును మంచివారగుటచే తానును మంచిగా మెలగువాని గుణము నిజమైన గుణమేనా? అది అరువు సొమ్మని కొందరందురు. నేనట్లనజాలను. మాట నేర్చినదియు నలుగురిని చూచియే. అంతమాత్రాన అది మన మాట గాకపోలేదు. ఐనను, సంస్థ మారినను గుంపు మారినను ఆ గుణము నిలుచునా అన్నచోట మాత్రము నేను ధైర్యముగా చెప్పలేను.

ఆష్ మరికొన్ని పరీక్షలు జరిపెను. గుంపులో ఒక్కడు సత్యము పలికినచో, తప్పులు ఇంచుమించు నాలుగవ వంతునకు దిగెను. ఆ ఒక్కడు మధ్యలో గుంపుతో కలసినపుడు తప్పులు మరల పెచ్చు పెరిగెను. కాని అతడు ఏదో పని యని గది విడిచి వెడలినపుడు, పెరిగినను, అంతగా పెరుగలేదు. వెల్స్ ఫార్గోలో ఫిర్యాదులకై ఏర్పరచిన ఫోనులో నిజము చెప్పినందుకే తమ్ము తొలగించిరని కొందరు ఉద్యోగులు ఆరోపించిరి. ఆ ఆరోపణ నిజమైనచో, ప్రక్క బల్లలవారు ఆ ఖాళీ కుర్చీని చూచి ఏమి నేర్చిరో, ఆ సంస్థ అచ్చొత్తించిన పుస్తకములో మాత్రము లేదు.