మూడు తీగల మీద అయిదు స్వరాలు

చదవవలసిన భాగం: కీర్తనలు 33:1-3, మలాకీ 3:13-16

పది తంతుల స్వరమండలంతో దేవుణ్ణి కీర్తించమని, అదీ నేర్పుగా వాయించమని కీర్తనకారుడు పిలుస్తున్నాడు. యుకలేలేకి ఉన్నవి నాలుగే తీగలు. 1879లో మదీరా దీవి నుంచి చెరకు తోటల పనికి హవాయి చేరిన పోర్చుగీసువాళ్లు వెంట తెచ్చుకున్న చిన్న వాయిద్యం నుంచి ఇది పుట్టింది. పొట్టకూటికి ఊరు విడిచినవాళ్ల వాయిద్యం కాబట్టి ఢిల్లీలో బతికే మన తెలుగువాళ్లకు ఇది పరాయిది కాదు. 1966లో ఇక్కడి కన్నాట్ ప్లేస్‌లోని రిఖీరామ్ దుకాణంలో సితార్ కొనుక్కున్న గిటారు వాద్యకారుడు జార్జ్ హారిసన్ కూడా జీవితపు చివరి ఏళ్లలో ఈ నాలుగు తీగలను ఎంతో ఇష్టపడి వాయించాడు.

నైన్త్ కార్డుల దగ్గరికి వచ్చేసరికి నేర్చుకునేవాళ్లకు ఒక చిక్కు ఎదురవుతుంది. సి మేజర్ నైన్త్‌లో అయిదు స్వరాలుంటాయి. మన లెక్కలో స, గ, ప, ని, ఆ పైన తారస్థాయి రి. నాలుగు తీగల మీద అయిదింటినీ ఒక్కసారిగా మోగించలేం. మొదటి తీగనీ మూడో తీగనీ రెండో ఫ్రెట్ దగ్గర నొక్కి నాలుగూ మీటితే గ, ప, ని, రి వినిపిస్తాయి, షడ్జమమే ఉండదు. పక్కన గిటారో కీబోర్డో దాన్ని అందిస్తే సరే, ఒంటరిగా వాయించేవారికి వెలితి తెలుస్తూనే ఉంటుంది.

కార్డులోని స్వరాలను ఒకదాని తర్వాత ఒకటిగా మీటే ఆర్పెజియోలో ఆ వెలితి తీరుతుంది. మూడో తీగని నొక్కకుండా మీటితే స. రెండో తీగ మీద గ, అదే తీగ మూడో ఫ్రెట్‌లో ప. మొదటి తీగ రెండో ఫ్రెట్‌లో ని, అయిదో ఫ్రెట్‌లో రి. నాలుగు కూడా అక్కర్లేదు, మూడు తీగలు చాలు. ప పలికేసరికి గ ఆగిపోతుంది, రి వచ్చేసరికి ని ఉండదు. అయినా వినేవారి చెవి అయిదింటినీ పోగుచేసుకుని కార్డు పూర్తి చేస్తుంది. మెట్రోనోమ్‌ని 60 మీద పెట్టి, దెబ్బకొక స్వరం చొప్పున సాధన చేయాలి. చూపుడువేలు రెండో ఫ్రెట్‌ మీద ఉండగా చిటికెనవేలు అయిదో ఫ్రెట్‌కి చాచడం మొదట్లో కష్టమే. వేగం పెంచితే ముందు మాసిపోయేది ఆ చివరి రి.

ప్రార్థనలోనూ మనకున్న దిగులు ఇలాంటిదే. స్తుతి, ఒప్పుకోలు, కృతజ్ఞత, విజ్ఞాపన అన్నీ కుదురుగా ఒకేచోట చేసే గంట ఈ నగరంలో ఎంతమందికి దొరుకుతుంది? బ్లూ లైన్ మెట్రోలో నిలబడి ద్వారక వైపు వెళ్తూ ఒక మాట, మధ్యాహ్నం అన్నం డబ్బా విప్పే ముందు ఒక మాట, రాత్రి నిద్రపోతున్న పిల్లల పక్కన ఒక మాట. ఇలా చెదిరిపోయింది లెక్కకు వస్తుందా అని మనసు పీకుతుంది.

మలాకీ కాలంలో దేవుని సేవించి లాభమేముందని జనం విసిగిపోయారు. ఆ రోజుల్లోనే కొందరు భయభక్తులు గలవారు ఒకరితో ఒకరు మాట్లాడుకున్నారు. వాళ్లు గొప్ప ప్రార్థన చేశారని అక్కడ లేదు, మాట్లాడుకున్నారని మాత్రమే ఉంది. యెహోవా చెవియొగ్గి విన్నాడు. ఆయన ముందు జ్ఞాపకార్థంగా ఒక గ్రంథం రాయబడింది. మన నోట ఆగిపోయిన మాట ఆయన దగ్గర ఆగిపోలేదు.

అలాగని ఎలా పడితే అలా చేయమని కాదు. ఆర్పెజియోకి వరుస ఉంది, అది షడ్జమంతో మొదలవుతుంది. ఉదయం ఫోను తెరవకముందు పలికే మొదటి మాట స్తుతి కానివ్వండి. నేర్పు లేదని వెనకాడకండి. దావీదు నియమించిన ఆలయ గాయకులు 288 మంది నేర్పరులే, అయినా వంతుల కోసం చీట్లు వేసినప్పుడు గురువుకీ శిష్యుడికీ తేడా చూపలేదని 1 దినవృత్తాంతములు 25వ అధ్యాయం చెబుతోంది.

ప్రార్థన: తండ్రీ, ఈ వేళ నేను పలకగలిగింది ఒక్క మాటే. దాన్ని తొందర లేకుండా, స్పష్టంగా పలికే మనసు దయచేయండి. నోయిడాలో, గుర్గావ్‌లో, ఫరీదాబాద్‌లో అద్దె గదుల్లో ఒంటరిగా మీ నామం తలచుకుంటున్న మా బిడ్డల మాట ఆలకించండి. యేసు నామమున అడిగి వేడుకుంటున్నాము తండ్రీ. ఆమేన్.