తాళంచెవి ఉంది కదా అని...

"మీకు అనుమతి లేదు" అని మన ఇంట్లో మనతోనే ఎవరైనా అంటే ఎలా ఉంటుంది? మొన్న ఆదివారం నాకు సరిగ్గా అదే జరిగింది. అన్నది అత్తగారు కాదు, ఆడపడుచూ కాదు. నా డబ్బుతో నేను కొనుక్కున్న కంప్యూటరు!

పాత కంప్యూటరు ప్రాణం వదిలింది. లోపలి డిస్కు మాత్రం బాగానే ఉందని, రిపేరు కుర్రాడు దాన్ని ఊడదీసి, ఓ చిన్న డబ్బాలో బిగించి ఇచ్చాడు. పదేళ్ళ ఫోటోలు అందులోనే ఉన్నాయి. కొత్త కంప్యూటరుకి తగిలించి ఆత్రంగా నా ఫోల్డరు తెరవబోతే, అనుమతి లేదు పొమ్మంది. అందులోనూ అడ్మినిస్ట్రేటర్ని నేనే, ఇందులోనూ నేనే. పేరు కూడా అదే. ఇంక ఎవర్ని అడగను?

మా అక్క కొడుక్కి ఫోను చేశాను.

"దానికి నీ పేరుతో పనిలేదు పిన్నీ. ప్రతి ఖాతాకీ లోపల ఓ పొడుగాటి నంబరు ఉంటుంది. పాత నంబరు వేరు, కొత్త నంబరు వేరు. దాని లెక్కలో నువ్వు పరాయిదానివి" అన్నాడు.

పెళ్ళై పుట్టింటికి వచ్చిన ఆడపిల్లలా ఉందే నా పరిస్థితి అనుకున్నాను.

వాడు చెప్పినట్టే ప్రాపర్టీస్, అందులో సెక్యూరిటీ, అందులో అడ్వాన్స్‌డ్ తెరిచి, ఓనరు అన్నచోట నా కొత్త ఖాతా పేరు రాశాను. లోపలి ఫోల్డర్లకీ వర్తించేలా టిక్కు పెట్టాను. "ఓనరైతే చాలదు పిన్నీ, చూసే అనుమతి కూడా విడిగా ఇచ్చుకోవాలి" అన్నాడు. ఇంటి యజమానురాలు కావడం వేరు, అనుమతి ఉండడం వేరన్నమాట. ఈ సంగతి మనకి ఒకరు చెప్పాలా!

"అధికారం ఇచ్చి మళ్ళీ అడుగడుగునా ఈ అడగడమేమిట్రా?" అని విసుక్కున్నాను. 2007లో వచ్చిన విండోస్ విస్టా నుంచీ ఇంతేనట. అడ్మినిస్ట్రేటరైనా సరే, మామూలు మనిషిలాగే పనిచేయాలి. పెద్ద పని పడినప్పుడే ఆ అధికారం బయటికి తీయాలి. లేకపోతే మన వెనకాలే దూరిన దొంగ ప్రోగ్రాముకి కూడా మన తాళాలన్నీ దొరుకుతాయి. చేసే పనికి ఎంత అధికారం కావాలో అంతే ఉండాలని సాల్ట్‌జర్, ష్రోడర్ అనే ఇద్దరు 1975లోనే రాశారట.

ఫోటోలు వచ్చాయి. ఆ పక్కనే మా అమ్మాయి ఫోల్డరు కనిపించింది, దాని కాలేజీ రోజులది. చెయ్యి ఊరుకుంటుందా? నొక్కాను. ప్రస్తుతం అనుమతి లేదు, కంటిన్యూ నొక్కితే శాశ్వతంగా దొరుకుతుంది అని వచ్చింది.

శాశ్వతంగా అన్న మాట దగ్గర చెయ్యి ఆగిపోయింది.

నా పెళ్ళైన కొత్తలో మా అమ్మ రాసిన ఇన్‌లాండు ఉత్తరాలు అత్తగారు చదివాకే నాకు అందేవి. ఆవిడ చెడ్డమనిషేం కాదు. "ఇంట్లో నాకు తెలియనిదేముంటుందే?" అనేవారు. ఉత్తరాల్లోనూ రహస్యాలేం ఉండేవి కావు. ఆవకాయ ఊరింది, చెల్లికి జ్వరం తగ్గింది, అంతే. కానీ సంగతి తెలిశాక అమ్మ అసలు విషయాలు రాయడం మానేసింది. ఆవిడకి షుగరు వచ్చిందని నాకు ఏడాది తర్వాత గాని తెలియలేదు.

తల్లికి ఆ మాత్రం హక్కు లేదా అంటారేమో. పిల్ల చిన్నదిగా ఉన్నప్పుడు దాని పుస్తకాల సంచీ రోజూ నేనే వెతికేదాన్ని. వెతకాలి కూడా, అది నా పని. ఇప్పుడు దానికి ఇరవై ఆరేళ్ళు. ఆ ఫోల్డర్లో నేను చేయవలసిన పనేముంది?

ఫోను చేసి అడిగాను. అవతల ఒక్క క్షణం మాట లేదు. "వద్దమ్మా. సంక్రాంతికి వచ్చినప్పుడు నేను చూసుకుంటాలే" అంది.

మనసు చివుక్కుమంది. అబద్ధమెందుకు చెప్పాలి?

డబ్బా బీరువాలో పెట్టేశాను. తాళంచెవి నా దగ్గరే ఉంది. అడిగి, వద్దనిపించుకోవడం కష్టమే. కానీ అడక్కుండా తెరిచి ఉంటే, ఆ సంగతి దానికి తెలిసిననాటి నుంచి అది నాతో చెప్పే మాటల్లో ఎన్ని తగ్గిపోయేవో నాకెప్పటికీ తెలిసేది కాదు.