నీళ్లు తాగితే వ్రతం చెడుతుందా?

ఏకాదశి నాడు, కార్తీక సోమవారం నాడు పచ్చి మంచినీళ్లైనా ముట్టకుండా ఉండేవాళ్లు మన ఇళ్లలో ఇప్పటికీ ఉన్నారు. ముందురోజు తిన్నదేదో వికటించి, తెల్లవారేసరికి వాంతులు, విరేచనాలు పట్టుకుంటే వాళ్లేం చేయాలి? కొందరు పళ్ల బిగువున పొద్దు గడుపుతారు. దీన్ని డాక్టరు చూసుకునే విషయమని తోసేయడం సబబు కాదు. నోటిదాకా వచ్చిన గ్లాసును వెనక్కి నెట్టేది పాపభయం. దానికి ధర్మమే జవాబు చెప్పాలి. ఆ స్థితిలో నీళ్లు తాగితే వ్రతం చెడదని, తాగి తీరాలని నేను నమ్ముతున్నాను.

భారతం ఉద్యోగపర్వంలో విదురుడు ధృతరాష్ట్రుడికి నీతులు చెబుతూ, వ్రతాన్ని చెడగొట్టనివి ఎనిమిదింటిని లెక్కపెడతాడు: నీళ్లు, దుంపలు, పండ్లు, పాలు, హవిస్సు, బ్రాహ్మణుని కోరిక, గురువు మాట, మందు. మొదట నీళ్లు, చివర మందు. ఓఆర్‌ఎస్ (విరేచనాలకు పట్టే ఉప్పు, గ్లూకోజు నీళ్లు) ఈ రెండూ ఒక్కటైనది. విరేచనాలతో ఒంట్లోని నీటితోపాటు ఉప్పు కూడా పోతుంది. పేగు గోడలో ఉప్పును, గ్లూకోజును జంటగా లోపలికి తీసుకునే దారి ఒకటి జబ్బులోనూ చాలావరకు పనిచేస్తూనే ఉంటుంది. వాటి వెంట నీరూ వెళుతుంది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలంలో సరిహద్దులోని బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా విజృంభించి సెలైన్ సరిపోనప్పుడు, డాక్టర్ దిలీప్ మహలనాబిస్ బృందం ఈ ఉప్పు, గ్లూకోజు నీళ్లనే డ్రమ్ముల్లో కలిపి పట్టించింది. సుమారు 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు దిగాయి. ప్యాకెట్ దొరకని ఇంట్లో లీటరు మంచినీళ్లకు ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, రెండూ తలగొట్టి కొలిచి కలిపితే చాలు. వాంతి అయితే పది నిమిషాలు ఆగి, చెంచా చెంచాగా మళ్లీ పట్టాలి. ఉపవాసంలో ఉప్పు పనికిరాదు కదా అని సందేహించేవారికి విదురుని ఎనిమిదో మాటే సమాధానం: ఇక్కడ ఉప్పు రుచి కోసం కాదు, మందుగా.

కష్టం ఓర్చుకోవడమే తపస్సు, దాహానికి లొంగితే ఇక వ్రతమేమిటి అన్నది గట్టి అభ్యంతరమే. నిర్జల ఏకాదశి నాటి నియమం ఆ ఓర్పు మీదే నిలబడింది. కానీ వ్రతంలో మనం ఇష్టపూర్వకంగా వదులుకుంటాం. ఆరోగ్యవంతుడు ఒక పూట నీళ్లు మానితే మూత్రపిండాలు ఉన్న నీటిని పొదుపుగా వాడి ఒంటిని కాపాడతాయి. విరేచనాలు పట్టుకున్న మనిషిలో ఆ పొదుపు సాగదు. అతని అనుమతి లేకుండానే నీరు పోతుంటుంది. నాలుక పిడచకట్టి, కళ్లు లోతుకు పోయి, పొట్టమీద చర్మం పట్టి వదిలితే వెంటనే సర్దుకోని స్థితిలో సమర్పించడానికి అతని దగ్గర మిగిలిందేమిటి? గీత పదిహేడో అధ్యాయంలో, శాస్త్రం చెప్పని ఘోర తపస్సుతో శరీరాన్నీ, అందులో ఉన్న తననూ హింసించేవారిది అసుర నిశ్చయమని కృష్ణుడు అంటాడు. నిష్ఠగల మనిషి ఆ మాట పక్కన పెట్టి ముందుకు పోలేడు.

లంఘనమే పరమౌషధం కదా అని మరికొందరు. తిండి విషయంలో ఆ మాటలో కొంత నిజం ఉంది. వాంతుల వేళ ఎవరూ అన్నం కలుపుకొని తినరు. అయితే జ్వరంలో లంఘనం చెప్పిన ఆయుర్వేదమే ఆ రోగి దాహానికి తుంగముస్తలు, వట్టివేళ్లు, శొంఠి వంటివి వేసి కాచిన షడంగ పానీయం చెప్పింది. నీళ్లు తాగితే విరేచనాలు ఎక్కువవుతాయన్న భయం మాత్రం మనుషుల ప్రాణాల మీదికి తెచ్చింది.

ఒకసారి సడలిస్తే రేపు తలనొప్పికీ సడలిస్తారన్న భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. ఖురాను రెండో అధ్యాయం దీనికి చక్కని దారి చూపింది: రంజాన్‌లో జబ్బుపడినవారు ఉపవాసం ఆపవచ్చు, కానీ ఆ లెక్కను వేరే రోజుల్లో పూర్తిచేయాలి. అక్కడ సడలింపూ ఉంది, బాకీ తీర్చే బాధ్యతా ఉంది. మనకు పక్షం తిరిగేసరికి మరో ఏకాదశి వస్తుంది.

అన్నిటికన్నా నాకు ముఖ్యమనిపించేది విదురుని జాబితాలోని ఏడో మాట, గురువు మాట. నీరసించి పడుకున్న మనిషికి తన వ్రతాన్ని తానే సడలించుకోవడం దొంగతనంలా అనిపిస్తుంది. అందుకే ఆ భారం శాస్త్రం పెద్దల మీద పెట్టిందని నేను అర్థం చేసుకుంటాను. ఇంట్లో మాట చెల్లే అత్తగారో, పెదనాన్నో, గుడి పూజారో "దోషం లేదు, తాగమ్మా" అని నోరు విప్పి చెప్పాలి. మూత్రం ఆగినా, మగతగా ఉన్నా, విరేచనంలో రక్తం పడినా ఆస్పత్రికి బయల్దేరదీయాల్సిందీ వాళ్లే. "నీ ఇష్టం" అని ఊరుకునే పెద్దరికం ఆ రోజు ఎవరికీ పనికిరాదు.