మార్జాల వాత్సల్యము

పిల్లి తన కూనలను ఏడిండ్లు త్రిప్పునని తెలుగునాట నానుడి. అటుకమీదనో, ధాన్యపు కొట్టులోనో ఈనిన పిల్లి, అలికిడి హెచ్చినచో ఆ చోటు క్షేమము కాదని యెంచి, ఒక్కొక్క కూనను మెడవెనుక తోలు పట్టి వేరొక తావునకు చేర్చును. ఎలుకను చీల్చు ఆ పండ్లే కూనను నొప్పింపక మోయును. కూనయు కాళ్లు ముడుచుకొని కదలకుండును.

దీనినిబట్టియే పెద్దలు మార్జాలకిశోర న్యాయమను దృష్టాంతమును చెప్పిరి. కోతిపిల్ల తల్లిని తానే పట్టుకొనును. పిల్లికూనను తల్లియే పట్టుకొనును. మొదటిది సాధకుని ప్రయత్నమునకు, రెండవది భగవత్కృపకు గుర్తు. దక్షిణదేశపు శ్రీవైష్ణవులలో ఈ రెంటిని గూర్చి చిరకాలము చర్చ సాగినది. అయితే రెండవదానిని విని, సర్వమును దేవుడే చూచుకొనును గదా యని చేతులు ముడుచుకొని కూర్చుండువారును కలరు. అట్టివారు పిల్లికూనను సరిగా చూడలేదనవలెను.

కూన పుట్టినపుడు దానికి కన్ను తెరవదు, చెవి వినదు. కన్నులు విచ్చుటకు ఒకటి రెండు వారములు పట్టును. అయినను ఆ చీకటిలోనే వాసననుబట్టి తల్లిని చేరును. కొలది దినములలోనే పెక్కు కూనలు తమకలవాటైన చన్నునే వెదకుకొనును. నాలుగు వారముల కూనలు తమ తల్లి పిలుపును వేరొక తల్లి పిలుపునుండి వేరుపరచి గుర్తింపగలవని మెక్సికో దేశపు పరిశోధకులు 2016లో ప్రకటించిరి. మోయుట తల్లి వంతు. తల్లిని మరువకుండుట కూన వంతు. గురుకారుణ్యము పొందిన శిష్యునకును ఇంతియే. కృప గురువుది, ఎరుక శిష్యునిది.

ఇక తల్లి ఎరుక ఎట్టిదో చూడుడు. 1996 మార్చిలో న్యూయార్కు నగరమందలి బ్రూక్లిన్‌లో ఒక పాడుబడిన కట్టడము అంటుకొనగా, ఒక వీధిపిల్లి మరల మరల పొగలోనికి పోయి తన ఐదు కూనలను ఒక్కొక్కటిగా వెలికి తెచ్చినది. వేడిమికి రెప్పలు పొక్కి కన్నులు మూసుకొనిపోగా, ముక్కుతో ప్రతి కూనను తాకి, అన్నియు చేరినవని తెలిసికొన్న పిమ్మటనే స్పృహ తప్పినదని చెప్పుదురు. దానికి స్కార్లెట్ అని పేరిడిరి. ఒక కూన తరువాత వ్యాధిచే మరణించినను, తక్కిన నాలుగును తల్లియు బ్రతికినవి.

ఇంతగా ప్రేమించు తల్లియే, నెల గడచిన పిమ్మట క్రమముగా పాలు మాన్పించును. వేట తెచ్చి కూనల ముందు విడిచి నేర్పును. పాలకై వచ్చినచో పంజాతో త్రోయును. అది ద్వేషము కాదు. మోహము బిడ్డను ఒడిలోనే ఉంచగోరును. వాత్సల్యము బిడ్డను తన కాళ్లపై నిలుపగోరును. గురువు శిష్యుని కాయకమునకు నియోగించుటయు ఇట్టిదే.

అయితే ఆ ముడిని విప్పవలసినది తల్లి, మనము కాదు. కన్ను తెరవని కూనలను గోనెసంచిలో కట్టి ఊరవతల విడుచువారు నేటికిని కలరు. తల్లి ఇల్లిల్లు తిరుగుచు అరచుచుండగా, అపశకునమని దానినే కొట్టి తరుముదురు. అపశకునము ఆ అరపులో లేదు. ఆ అరపునకు కారణమైన చేతిలోనున్నది. ఎనిమిది వారములు నిండకమునుపే తల్లిని విడిచిన పిల్లులలో దౌర్జన్యస్వభావము హెచ్చుగా కాననగునని, 5,700లకు పైబడిన పిల్లుల వివరములు సేకరించిన ఫిన్లాండు పరిశోధకులు 2017లో తెలిపిరి. పదునాలుగు వారములు తల్లియొద్ద నుంచుట మేలనిరి.

ధర్మమునకు దయయే మూలమని బసవేశ్వరుడు బోధించెను. ఆ దయకు మఠము వరకు నడువనక్కరలేదు. ఇంట ఈనిన పిల్లికి ఒక మూల, ఒక పాత గుడ్డ, మూడు నెలల గడువు ఈయుడు. కూనలను ఇతరులకు ఈయదలచినవారు అంతవరకు ఆగుడు. ఇంటి బిడ్డలు దానిని చూచుచు పెరుగుదురు గాక! ఏ నోరులేని జీవికిని తన తల్లిని దూరము చేయరాదని వారికి వేరుగా బోధింపనక్కరలేదు.