పుట్టని బిడ్డ వంతు

పసిఫిక్ సముద్రములో నౌరు అను ద్వీపము కలదు; వైశాల్యము 21 చదరపు కిలోమీటర్లే. ఎరువునకు పనికివచ్చు ఫాస్ఫేటును పరదేశులు అచ్చటనుండి త్రవ్వుకొనిపోయిరి. 1968లో స్వతంత్రులైన పిమ్మట ద్వీపవాసులును త్రవ్వుట మానలేదు. 1970లలో వారి తలసరి ఆదాయము లోకములో ముందువరుస నుండెను. తరువాత బిడ్డల నిమిత్తము దాచిన నిధియు చెడు వ్యాపారములలో కరగిపోయెను. నేడు నడిదీవిలో చాలవరకు మొనదేలిన సున్నపురాళ్లే. తిండి ఓడలమీద రావలెను. మధుమేహము విస్తారముగా నున్నది.

వారిని నిందింపకుము. మంచి ధర పలికినప్పుడు మనలో ఎవరు వద్దందురు? అయితే పుట్టని బిడ్డ సభకు వచ్చి తన వంతు అడుగలేడు గదా! వాని పక్షమున చట్టమే మాటలాడవలెను.

కోస్టారికాయు అడవులను విస్తారముగా నరికిన దేశమే. 1996 చట్టము ప్రకారము, చెట్లు నిలిపిన రైతునకు పెట్రోలు పన్నులోనుండి సొమ్ము చెల్లించుచున్నారు. (పన్ననిన ఎవరికి ప్రీతి!) నేడచ్చట సగము నేలకు మించి అడవియే, దానిని చూడవచ్చు యాత్రికులవలన పల్లెలలో పని దొరకుచున్నది.